చక్రం వెనుక కథ – 7: ఇంజన్ పరుగు, బండి నడక

1888 ఆగస్టు. జర్మనీలో మాన్‌హైమ్ నుంచి ఫోర్ట్స్‌హైమ్‌కు పోయే దారి. మూడు చక్రాల బండి ఒకటి ఎగుడు మొదలయ్యేసరికి చతికిలబడింది. పదమూడేళ్ల రిచర్డ్‌ను పైన కూర్చోబెట్టి, దారి తిప్పే పిడి చేతికిచ్చి, వాళ్లమ్మా పదిహేనేళ్ల అన్న ఆయిగెనూ కిందికి దిగి వెనక నుంచి తోశారు. గుర్రం అక్కర్లేని బండి అని లోకానికి చూపించడానికి బయల్దేరిన బండిని చివరికి మనుషులు తోసి గట్టెక్కించాల్సి వచ్చింది.

ఆ తల్లి బెర్తా బెంజ్. కిందటి సంచికలో కథ ఆగింది ఆమె భర్త కార్ల్ బెంజ్ 1886 జనవరి 29న పేటెంటుకు అర్జీ పెట్టిన దగ్గర. పేటెంటు వచ్చినా బండిని నమ్మి కొనేవాళ్లు పెద్దగా రాలేదు. కార్ల్‌కు ఎప్పుడూ ఇంకో మరమ్మతు మిగిలే ఉండేది. ఇలాగైతే ఎప్పటికీ వీధిలోకి రాదనుకుందేమో, బెర్తా ఒకనాడు పొద్దున్నే భర్తకు చెప్పకుండా పిల్లలిద్దర్నీ ఎక్కించుకుని పుట్టింటికి బయల్దేరింది. దూరం వంద కిలోమీటర్ల పైచిలుకు. దారిలో ఇంధనం అయిపోతే వీస్‌లోఖ్ అనే ఊళ్లో మందుల షాపులో లిగ్రాయిన్ కొంది. అది మరకలు తుడవడానికి వాడే ద్రావకం. గొట్టంలో నలుసు అడ్డుపడితే టోపీ పిన్నుతో పొడిచి తీసింది. బ్రేకు చెక్క అరిగిపోతే చెప్పులు కుట్టే అతని చేత దానికి తోలు కొట్టించింది. ఈ మూడు ముచ్చట్లనూ ప్రపంచమంతా చెప్పుకుంటుంది. నాలుగోది అంతగా ప్రచారంలోకి రాలేదు గానీ, కార్ల చరిత్రకు అదే ముఖ్యం. తిరిగొచ్చాక ఆమె భర్తకు ఒక మాట చెప్పింది: గుట్టలెక్కడానికి దీనికి ఇంకో గేరు పెట్టాలి.

ఈ వారం కథంతా ఆ ఒక్క మాటదే.

బెర్తా పడ్డ బాధ అర్థం కావాలంటే ఎద్దుకూ పెట్రోలు ఇంజన్‌కూ ఉన్న తేడా తెలియాలి. బురదలో దిగబడిన బండిని లాగేటప్పుడు ఎద్దు గిట్టలు నేలకు తన్నిపెట్టి, ఒక్క అడుగూ పడకముందే తన బలమంతా కాడి మీద పెడుతుంది. కదలిక సున్నా, బలం నిండుగా. ఆవిరి ఇంజన్‌దీ అదే తీరు. బాయిలర్‌లో ఒత్తిడి ఉంటే చాలు, నిలిచి ఉన్న పిస్టన్ మీద కూడా ఆ బలమంతా పడుతుంది. అందుకే అమెరికాలో స్టాన్లీ సోదరులు చేసిన ఆవిరి కార్లకు గేర్‌బాక్స్ అన్నదే లేదు. ఇంజన్‌ను తెచ్చి వెనక ఇరుసుకే తగిలించారు. 1906లో ఫ్లోరిడా ఇసుక తీరం మీద అలాంటి ఆవిరి కారు గంటకు 205 కిలోమీటర్ల వేగం అందుకుంది. మధ్యలో గేరు మార్చే పనే పడలేదు.

పెట్రోలు ఇంజన్ అలా కాదు. తిరుగుతున్నంతసేపే దానికి బతుకు. ఒక పేలుడు ఇచ్చిన ఊపుతోనే తర్వాతి పేలుడుకు కావాల్సిన గాలినీ పెట్రోలునూ లోపలికి లాక్కోవాలి, నొక్కాలి, అంటించుకోవాలి. చుట్లు తగ్గితే ఊపు తగ్గుతుంది. మరీ తగ్గితే ఒకసారి వణికి ఆగిపోతుంది. నేటి పెట్రోలు కారు ఇంజన్ నిమిషానికి ఎనిమిది వందల చుట్ల దగ్గర నింపాదిగా మూలుగుతుంది, ఆరు వేల దగ్గర గొంతు చించుకుంటుంది. అంటే అడుగుకూ కొసకూ నడుమ ఏడెనిమిది రెట్లే తేడా. రోడ్డు అడిగేది మాత్రం సున్నా నుంచి నూట ఇరవై దాకా! నిలబడ్డ చోటి నుంచి లేవలేని వాడితో, ఏడెనిమిది రెట్లకు మించి సాగని వాడితో, అన్ని వేగాలూ నడిపించాలి. ఈ బేరం కుదర్చడానికి మధ్యలో కూర్చున్న దళారే గేర్‌బాక్స్. బండి కదలక ముందు ఇద్దర్నీ విడదీసి ఉంచి, తర్వాత మెల్లగా కలిపేది క్లచ్.

దళారి ఏదీ ఊరికే ఇవ్వడు. బండరాయి కింద గడ్డపార దూర్చి పై కొసను మూరెడు కిందికి నొక్కితే రాయి అంగుళం లేస్తుంది. దూరం ఖర్చుపెట్టి బలం కొనుక్కోవడమన్నమాట. ఫస్ట్ గేరు అలాంటి గడ్డపారే: ఇంజన్ చాలా చుట్లు తిరిగితే చక్రం ఒక్కటి తిరుగుతుంది, కానీ గట్టిగా తిరుగుతుంది. టాప్ గేరులో ఆ బలం తగ్గి, వేగం చేతికొస్తుంది.

నలభై దాటిన తెలుగువాళ్లలో మారుతీ 800 ఎక్కనివాళ్లు అరుదు కాబట్టి దాని టైరుతోనే లెక్క వేయవచ్చు. టైరు మీద 145/70 ఆర్ 12 అని ఉంటుంది. వెడల్పు 145 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 70 శాతం, లోపలి రిమ్ము 12 అంగుళాలు. అన్నీ కూడితే చక్రం ఎత్తు దాదాపు 508 మిల్లీమీటర్లు. ఒక చుట్టు తిరిగితే బండి సుమారు 1.6 మీటర్లు ముందుకు పోతుంది. ఆ తరహా చిన్న కార్లలో టాప్ గేరులో ఇంజన్ రమారమి నాలుగు చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. ఇంజన్ నిమిషానికి 4,000 చుట్లు తిరుగుతుంటే చక్రం 1,000 చుట్లు. అంటే నిమిషానికి 1,600 మీటర్లు, గంటకు 96 కిలోమీటర్లు. అదే ఫస్ట్ గేరులో ఇంజన్ పదిహేను చుట్లకు చక్రం ఒకటి అనుకుంటే, ఆ 4,000 చుట్లతోనే బండి గంటకు పాతిక కిలోమీటర్లు దాటి ఎంతో పోదు. లోపల మోత ఒక్కటే, బయట పరుగు నాలుగో వంతు.

క్లచ్ జారనంతసేపు, గేరు మార్చనంతసేపు ఈ నిష్పత్తిలో వెంట్రుకవాసి తేడా రాదు. ఎంత తొక్కినా, ఎంత తిట్టినా అంతే. ఈ సంగతి ఏ పుస్తకమూ చదవకుండానే ఊరి మెకానిక్‌కు తెలుసు. మోత పెరుగుతోంది గానీ బండి పోవట్లేదని చెప్పగానే, బానెట్ కూడా ఎత్తకుండా, క్లచ్ ప్లేటు అరిగిపోయిందని తేల్చేస్తాడు.

ఇప్పుడు బెంజ్ బండి దగ్గరికి తిరిగి వెళ్లవచ్చు. 1886 నాటి దాని ఇంజన్‌కు ఉన్నది ముప్పావు గుర్రపు శక్తి. అదీ నిమిషానికి 400 చుట్ల దగ్గర. వెనక చక్రాలు మనిషి నడుము దాటే ఎత్తువి. చుట్టుకొలత మూడున్నర మీటర్ల దాకా ఉంటుంది. గంటకు 16 కిలోమీటర్ల వేగంలో అలాంటి చక్రం నిమిషానికి డెబ్బై అయిదు చుట్లు తిరుగుతుంది. ఇంజన్ అయిదు చుట్లు చిల్లర తిరిగితే చక్రం ఒకటి అన్నమాట. బల్లపరుపు నేల మీద ఈ లెక్క చక్కగా సరిపోతుంది. గుట్ట మీద మాత్రం పదికో పన్నెండుకో ఒకటి కావాలి. అది లేకపోతే రెండే దారులు: ఇంజన్ ఆగిపోవడం, లేదా ఆయిగెన్ దిగి తోయడం.

జర్మనీలోనే వేరే ఊళ్లో ఇంకో ఇద్దరు ఇదే చిక్కుముడిని మరో కొస నుంచి విప్పుతున్నారు. గోట్లీబ్ డైమ్లర్, విల్‌హెల్మ్ మేబాక్. ఇంజన్ చిన్నదిగా ఉండాలి, వేగంగా తిరగాలి అన్నది వాళ్ల పట్టుదల. 1885లో వాళ్లు చేసిన ఇంజన్ నిమిషానికి 600 చుట్లు తిరిగింది. ఎంత వేగంగా తిరిగితే అంత దళారీ అవసరం పెరుగుతుంది మరి! 1889 పారిస్ ప్రదర్శనకు వాళ్లు పట్టుకెళ్లిన ఉక్కు చక్రాల కారుకు పళ్ల చక్రాలతో నాలుగు వేగాల గేరు ఉంది. బెర్తా అడిగింది ఒక్కటే; మేబాక్ నాలుగు ఇచ్చాడు.

ఆ ఇంజన్ల హక్కులు ఫ్రాన్స్‌లో ఎడ్వార్డ్ సరాజాన్ అనే ఆయన దగ్గర ఉండేవి. ఆయన చనిపోయాక భార్య లూయీజ్ చేతికొచ్చాయి. 1890లో ఆమె ఎమీల్ లెవసోర్‌ను పెళ్లాడింది. హక్కులు పనార్ - లెవసోర్ కంపెనీకి చేరాయి. కార్ల చరిత్రలో ఆడవాళ్ల పాత్ర గురించి విడిగా ఒక సంచిక రాయాల్సిందే.

లెవసోర్ 1891లో ఇంజన్‌ను బండి ముందు పెట్టాడు. దాని వెనక క్లచ్, దాని వెనక గేర్లు, అక్కడి నుంచి వెనక చక్రాలకు. తర్వాత డెబ్బై ఎనభై ఏళ్ల పాటు లోకంలోని కార్లలో ఎక్కువ భాగం ఈ వరస పాటించాయి. గేరు మార్చడమంటే తిరుగుతున్న పళ్ల చక్రాన్ని జరిపి, తిరుగుతున్న ఇంకో పళ్ల చక్రం పక్కకు తోసి కరిపించడమే. మొదట్లో ఆ చక్రాలకు పెట్టె కూడా లేదు. దుమ్ములో, బురదలో బయటే తిరిగేవి. ఈ ఏర్పాటు మోటుది, మొరటుది, అయినా నడుస్తుందని లెవసోరే అన్నట్టు చెబుతారు. నడిచింది కూడా. 1895లో పారిస్ నుంచి బోర్డో వెళ్లి తిరిగొచ్చే పందెంలో ఆయన దాదాపు 1,180 కిలోమీటర్లు రెండు రాత్రులూ రెండు పగళ్లూ ఒక్కడే నడిపి అందరికన్నా ముందు చేరాడు. సగటున గంటకు 24 కిలోమీటర్లు.

పళ్లకు పళ్లు తగిలి తిరిగిన ప్రతిచోటా కొంత శక్తి రాపిడికి పోతుంది, చప్పుడు వస్తుంది. లెవసోర్ పద్ధతిలో టాప్ గేరులో ఉన్నా ఆ నష్టం తప్పేది కాదు. దానికి విరుగుడు కనిపెట్టింది ఇరవై ఒక్కేళ్ల కుర్రాడు. లూయీ రెనో పారిస్ శివార్లలో, బియాంకూర్‌లో, ఇంటి తోటలోని పాకలో కూర్చుని ఒక చిన్న కారు తయారుచేశాడు. 1898 క్రిస్మస్ ముందు రాత్రి మిత్రులతో ఉండగా మాట మీద మాట పెరిగి, మోమార్త్ గుట్ట మీది ర్యూ లపిక్ అనే నిటారు వీధి ఎక్కించి చూపించాడు. ఆ రాత్రే పన్నెండు బండ్లకు ఆర్డర్లు వచ్చాయి. కిటుకు మూడో గేరులో ఉంది. అందులో ఇంజన్ ఇరుసునూ వెనక్కి పోయే ఇరుసునూ ముఖాముఖి కలిపి బిగించేశాడు. మధ్యలో పళ్ల చక్రాల జోక్యం లేదు. ఇంజన్ ఒక చుట్టు తిరిగితే వెనక్కి పోయే కడ్డీ కూడా సరిగ్గా ఒక చుట్టు. డైరెక్ట్ డ్రైవ్ అనే మాట ఇక్కడి నుంచే వచ్చింది. 1899 ఫిబ్రవరిలో పేటెంటు తీసుకుని, కాపీ కొట్టిన పోటీదార్ల దగ్గర ముక్కుపిండి వసూలు చేశాడు.

డైరెక్ట్ డ్రైవ్‌తో ఒక అలవాటు కూడా పుట్టింది. టాప్ గేరు అంటే నిశ్శబ్దం, హుందా. కింది గేర్లంటే కూత, కుదుపు, మోటుతనం. గేరు మార్చాల్సి వచ్చిందంటే బండికి సత్తువ లేదనో, నడిపేవాడికి పనితనం లేదనో అనుకునే రోజులు వచ్చాయి. ఈ నామోషీ ఎంత దూరం పోయిందో చెప్పడానికి ఒక్క కారు కథ చాలు.

రోల్స్ రాయిస్ 40/50 మోడల్‌ను 1906 చివర్లో లండన్ ప్రదర్శనలో పెట్టారు. తర్వాత లోకమంతా సిల్వర్ ఘోస్ట్ అని పిలిచింది దీన్నే. ఏడు లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజన్; దాని 48 గుర్రాల శక్తి నిమిషానికి 1,250 చుట్లకే చేతికొచ్చేది. హెన్రీ రాయిస్ దానికి నాలుగు గేర్లు పెట్టాడు. మూడోది రెనో తరహా డైరెక్ట్. నాలుగోది దాన్ని మించింది: ఇంజన్ ఒక చుట్టు తిరిగేలోగా వెనక్కి పోయే కడ్డీ ఒకటికన్నా ఎక్కువ తిరుగుతుంది. తిన్నని రోడ్డు మీద వేగం తగ్గకుండా ఇంజన్‌కు విశ్రాంతి దొరుకుతుంది. ఇంజనీరు కోణంలో చూస్తే ఇంతకన్నా తెలివైన పని ఉండదు.

కొన్నవాళ్లకు అది నచ్చలేదు. నాలుగో గేరులో పోతుంటే చిన్న ఎగుడు వచ్చినా మూడోదానికి దిగాల్సి వచ్చేది. ఇంత డబ్బు పోసి కొన్న బండికి టాప్ గేరులో గుట్ట ఎక్కే దమ్ము లేదా అని సణుగుడు మొదలైంది. నిజానికి ఆ మూడో గేరే ఇతర కార్ల టాప్ గేరుతో సమానం. కానీ లివర్ మీద అంకె తగ్గడం వాళ్లు సహించలేకపోయారు. 1909లో కంపెనీ లొంగిపోయింది. నాలుగో గేరు తీసేసి, డైరెక్ట్ గేరే ఆఖరిదిగా మూడు గేర్ల పెట్టె బిగించింది. రాయిస్ చేసింది ఒప్పు, కొన్నవాళ్లది తప్పు. అయినా ఓడిపోయింది రాయిసే.

ఓడిపోయాక ఆ ఓటమినే కంపెనీ గొప్పగా చాటుకుంది. 1911లో నేపియర్ కంపెనీ తమ కారును లండన్ నుంచి ఎడిన్‌బరో దాకా టాప్ గేరులోనే నడిపి చూపించింది. గ్యాలనుకు 19.35 మైళ్లు ఇచ్చిందని, బ్రూక్‌లాండ్స్ ట్రాక్ మీద గంటకు 76.42 మైళ్లు పోయిందని ప్రకటించుకుంది. రోల్స్ రాయిస్ అదే ఏడు ఎర్నెస్ట్ హైవ్స్ అనే ఇంజనీరుకు స్టీరింగ్ ఇచ్చి, అదే దారిలో, అదే టాప్ గేరులో పంపింది. గ్యాలనుకు 24.32 మైళ్లు, ట్రాక్ మీద 78.26 మైళ్ల వేగం. మన లెక్కలో లీటరుకు ఎనిమిదిన్నర కిలోమీటర్లు, గంటకు 126 కిలోమీటర్లు. ఒకే గేరులో మనిషి నడక వేగం నుంచి అంత దాకా సాగిందంటే, ఆ ఇంజన్ తక్కువ చుట్ల దగ్గర ఎంత ఓర్పుగా లాగేదో ఊహించుకోవచ్చు.

మెల్లగా పోవడంలో చూపిన ఈ నేర్పు ఎవరికి కావాలి? ఊరేగింపులు చేసేవాళ్లకు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ సిల్వర్ ఘోస్ట్ ఒకటి ఆర్డరిచ్చాడు. 1911లో ఆయన కన్నుమూశాక అది ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో హైదరాబాద్ చేరింది. పసుపు రంగు ఒళ్లు, లోపల సింహాసనం లాంటి ఆసనం. వేడుకలకే తీసేవాళ్లు కాబట్టి దశాబ్దాలు గడిచినా అది తిరిగింది నాలుగు వందల మైళ్ల లోపే. చౌమహల్లా ప్యాలెస్‌లో నేటికీ చూడవచ్చు. జనం మధ్య అడుగులో అడుగు వేస్తూ, కుదుపు లేకుండా, గేరు కూత లేకుండా పోవాల్సిన బండికి ఆ ఇంజన్ సరైన జోడీ.

సామాన్యుడి బండి కథ వేరు. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీకి ముందుకు రెండే గేర్లు, అవీ కాలితోనే. ఎడమ పెడల్ పూర్తిగా తొక్కి పట్టుకుంటే కింది గేరు, వదిలేస్తే పై గేరు, సగంలో ఆపితే న్యూట్రల్. పళ్లు పక్కకు జరిగే పనే లేదు. ఎప్పుడూ కరిచి ఉన్న చక్రాల్లో దేన్ని ఆపి పట్టుకోవాలో మారుతుంది, అంతే. నిటారు గుట్టలను చాలామంది రివర్స్‌లో ఎక్కించేవాళ్లు. రివర్స్ గేరు ముందు గేర్లకన్నా బలమైనది కావడం ఒక కారణం. పంపు లేకుండా వాలుకు దిగే పెట్రోలు, బండి ముక్కు పైకి లేస్తే ఇంజన్‌కు అందకపోవడం ఇంకో కారణం. అలాంటి బండి కోటిన్నరకు పైగా అమ్ముడుపోయింది.

మిగతా లోకమంతా మాత్రం లెవసోర్ వారసత్వమే మోసింది. ఆ గేరు మార్చడం ఎంత కష్టమో నేటి కుర్రాళ్లకు తెలియదు. మూడో గేరులో ఇంజన్ 1,500 చుట్లు తిరుగుతోంది, డ్రైవరు రెండోదానికి దిగాలి అనుకుందాం. బండి వేగం మారదు. కానీ రెండో గేరులో అదే వేగానికి ఇంజన్ 2,500 చుట్లు తిరగాలి. ఆ వెయ్యి చుట్ల తేడా పూడ్చకుండా లివర్ నెడితే పళ్లకు పళ్లు తగిలి కర్రుమంటుంది, మొండికేస్తే విరుగుతాయి. అందుకే డబుల్ క్లచ్. ఒకసారి క్లచ్ తొక్కి న్యూట్రల్‌కు తేవాలి, వదలాలి, ఎక్సలేటర్ ఒక్క దూటు ఇచ్చి ఇంజన్‌ను చెవితో కొలిచినట్టు పైకి లేపాలి, మళ్లీ క్లచ్ తొక్కి లివర్ జార్చాలి. సరిగ్గా పడితే వెన్నలో కత్తి దిగినట్టు దిగుతుంది. మీటరు చూసి చేసే పని కాదిది. ఇంజన్ పరుగుకూ బండి నడకకూ ఉన్న లెక్కను డ్రైవర్లు గేరుకొక రాగంగా చెవిలో దాచుకునేవాళ్లు.

ఈ ఇబ్బందిని తప్పించింది ఎర్ల్ థాంప్సన్ అనే అమెరికన్ ఇంజనీరు. పళ్లు కలవడానికి ముందే రెండు చక్రాల మధ్య రాపిడి పెట్టి, రెండిటి వేగాన్నీ సమం చేసే ఏర్పాటు అది. దీని పేరు సింక్రోమెష్. 1928లో క్యాడిలాక్ కార్లలో మొదటిసారి వచ్చింది. పదకొండేళ్ల తర్వాత జనరల్ మోటార్స్ వాళ్లు క్లచ్ పెడలే లేని హైడ్రామాటిక్ గేర్‌బాక్స్ తెచ్చారు. దాని వెనక కూడా థాంప్సన్ చెయ్యి ఉంది.

బరువు బండ్లకు ఆ భాగ్యం చాలా ఆలస్యంగా పట్టింది. నిజాం స్టేట్ రైల్వే వాళ్లు రోడ్డు రవాణా విభాగం తెరిచి 1932 జూన్‌లో 27 బస్సులతో సర్వీసులు మొదలుపెట్టారు. అవి స్కాట్లాండులో తయారైన ఆల్బియన్ బస్సులు. నేటి ఆర్టీసీకి మూలపురుషులు అవే. అలాంటి బస్సులు నడిపిన తరం నుంచి, తర్వాత లారీలు నడిపిన తరాల దాకా డబుల్ క్లచ్ రానివాడిని డ్రైవరు అనేవాళ్లు కాదు. క్లీనర్‌గా చేరిన కుర్రాడు స్టీరింగ్ పట్టుకునే ముందు ఏళ్ల తరబడి నేర్చుకునేది ఆ శబ్దమే.

ఎక్కడం ఒక ఎత్తు, దిగడం ఇంకో ఎత్తు. తిరుమల తొలి ఘాట్ రోడ్డు 1944లో వచ్చింది. 1974లో రెండోది వచ్చాక పాతది దిగే దారి అయింది. ఎక్కిన గేరులోనే దిగాలి అన్నది అనుభవమున్న డ్రైవర్ల సూత్రం. దీని వెనక ఉన్నదీ ఇందాకటి లెక్కే, తిరగేసి వేసింది. దిగేటప్పుడు చక్రాలే ఇంజన్‌ను తిప్పుతాయి. కింది గేరులో ఉంటే చక్రం ఒక చుట్టుకు ఇంజన్‌ను పది పదిహేను చుట్లు తిప్పాలి. పెట్రోలు అందని ఇంజన్ గాలిని లాగుతూ నొక్కుతూ ఎదురు తంతుంది. బండి దానంతటదే నిదానిస్తుంది, బ్రేకులు వేడెక్కవు. పెట్రోలు ఆదా అనుకుని న్యూట్రల్‌లో దింపేవాడు ఈ లంకెను తన చేత్తోనే తెంచుకుని, బండి బరువంతా నాలుగు బ్రేకుల మీద వేస్తున్నాడు. ఆదా కూడా ఉత్తదే. నేటి ఇంజెక్షన్ ఇంజన్లు గేరులో ఉండి వాలు దిగుతుంటే పెట్రోలు దాదాపు పూర్తిగా ఆపేస్తాయి; న్యూట్రల్‌లో అయితే ఆగిపోకుండా బతకడానికి తాగుతూనే ఉంటాయి.

రాయిస్ నాలుగో గేరు మాటేమైంది? 1973లో చమురు ధర ఎగబాకాక కార్ల కంపెనీలకు అది గుర్తొచ్చింది. ఒకే వేగానికి ఇంజన్ తక్కువ చుట్లు తిరిగితే లోపలి రాపిడి తగ్గుతుంది, గాలి పీల్చుకోవడానికి పడే ప్రయాస తగ్గుతుంది, పెట్రోలు మిగులుతుంది. అయిదో గేరు మామూలు కార్లలోకి అలా వచ్చింది. 1909లో నామోషీ అనిపించి వదిలించుకున్న గేరును అరవై డెబ్బై ఏళ్ల తర్వాత మైలేజీ పేరుతో డబ్బిచ్చి కొనుక్కున్నారు.

అసలు గేర్లకు మెట్లే ఎందుకు, వాలు బల్లలా ఉండకూడదా అని అడిగినవాడు నెదర్లాండ్స్‌కు చెందిన హబ్ వాన్ డోర్న్. 1958లో ఆయన డాఫ్ కంపెనీ చూపించిన చిన్న కారులో పళ్ల చక్రాలకు బదులు బెల్టులు, వెడల్పు మారే పుల్లీలు ఉన్నాయి. పుల్లీ దగ్గరికి నొక్కుకుంటే బెల్టు పైకి ఎగబాకుతుంది, దూరం జరిగితే లోపలికి దిగుతుంది. నిష్పత్తి ఎక్కడా మెట్టు లేకుండా మారిపోతుంది. రివర్స్ కూడా అవే బెల్టుల మీద నడవడం వల్ల ఆ కారు ముందుకు ఎంత వేగంగా పోతుందో వెనక్కీ అంతే పోయేది. డచ్చివాళ్లు ఊరుకోలేదు, వాటికి వెనక్కి నడిపే పందేలు పెట్టారు.

అదే బెల్టు సూత్రం 1980ల నడుమ కైనెటిక్ హోండా స్కూటర్‌తో మన వీధుల్లోకి వచ్చింది. బజాజ్, వెస్పాల గేర్లకు అలవాటుపడిన చేతులు మొదట తడబడ్డాయి. ఎక్సలేటర్ తిప్పగానే ఇంజన్ మోత ఒక స్థాయికి లేచి అక్కడే నిలబడుతుంది, బండి మాత్రం ఆ మోతతో సంబంధం లేనట్టు నెమ్మదిగా వేగం పుంజుకుంటుంది. చెవికి అలవాటైన రాగం తప్పింది. గేర్లు లేని బండి అని జనం పేరు పెట్టారు గానీ, లెక్క ప్రకారం అది లెక్కలేనన్ని గేర్లున్న బండి.

ఇప్పుడు రోడ్డు మీద తిరుగుతున్న ఎలక్ట్రిక్ కార్లలో చాలావాటికి ఒకే ఒక్క నిష్పత్తి. మోటారు నిలబడ్డ చోటి నుంచే నిండు బలంతో లాగుతుంది, నిమిషానికి పది వేల చుట్లు దాటినా అలసట చూపించదు. ఎద్దు గుణం మళ్లీ తిరిగొచ్చింది. ఇది కొత్త సంగతి కూడా కాదు. 1899 ఏప్రిల్‌లో, అంటే లూయీ రెనో గుట్ట ఎక్కిన నాలుగు నెలలకే, కామీ జెనాట్‌సీ అనే బెల్జియన్ పారిస్ దగ్గర గంటకు 105 కిలోమీటర్లు దాటాడు. ఆయన ఎక్కింది బ్యాటరీ బండి. దానికి గేర్‌బాక్స్ లేదు.

వచ్చే సంచికలో బ్రేకుల కథ, బెర్తా కొట్టించిన తోలు ముక్క దగ్గర మొదలవుతుంది. ఈలోగా పాఠకులకు ఒక విన్నపం. సింక్రోమెష్ లేని బస్సో లారీయో నడిపిన పెద్దలు మీ ఇంట్లో గానీ ఊళ్లో గానీ ఉంటే అడిగి రాసి పంపండి: ఏ ఘాట్‌ను ఏ గేరులో ఎక్కించారు, గేరు మార్చాల్సిన క్షణాన్ని చెవితో ఎలా పట్టుకున్నారు అన్నది. ఆ రాగం విన్న చెవులు ఇక ఎంతోకాలం ఉండవు.

(సశేషం)